గడ్డికి కాపలా కాసిన బొద్దమ్మ

అనగనగా, చెట్టన్నదే మొలవని ఉత్తరపు చలిదేశంలో ఒక ఎలుకమ్మ ఉండేది. బొద్దుగా ఉంటుందని అందరూ బొద్దమ్మ అనేవారు. ఇంటినిండా పిల్లలు. చలికాలమంతా మంచు కింద వాళ్ళకి పచ్చికే తిండి. అందుకే బొద్దమ్మకి గడ్డి మీద ఎంత ప్రేమో, మిగతావాళ్ళ మీద అంత అనుమానం. గాలికి పరక ఊగినా "ఎవరది?" అనేది. అదేం ఎలుకో మరి!

ఏటా ఎండాకాలం రాగానే మంచుదుప్పులు, అదే, రెయిన్‌డీర్ అంటారే, అవి మందగా వచ్చేవి. వాటి కాపరులు పొగమంచులో దారి తప్పకుండా పొడుగాటి కర్రలు పాతి గుర్తు పెట్టుకునేవారు. మందకి పెద్దది గంటలక్క. దాని మెడలో గంట ఉండేది.

"ఇంతమంది ఇక్కడికి గాలి పీల్చుకోవడానికి వస్తున్నారా? నా పిల్లల నోటికాడ కూడు లాక్కోవడానికే" అనుకుంది బొద్దమ్మ. ఒక రాయి చాటున చేరి కాపలా కాసింది. గంటలక్క నేలబారు పొదల చిగుళ్ళు కొరుకుతోంది. మధ్యలో నాలుగు పరకల గడ్డి కూడా తింది. బొద్దమ్మ కంటికి ఆ నాలుగు పరకలే కనబడ్డాయి.

నేరుగా అడవిబాతు దగ్గరికి వెళ్ళింది. "మామా, నువ్వు పైనుంచి చూస్తావు కదా. వాళ్ళు నా గడ్డి తినేస్తున్నారా, లేదా?"

"ఎక్కువగా పొదలే తింటున్నారమ్మా" అంది బాతు.

"ఓహో, ఇందులో నీకూ వాటా ఉందన్నమాట" అంది బొద్దమ్మ.

ఇక గంటలక్కనే నిలదీసింది. "అక్కా, మీరిక్కడికి ఎందుకొస్తారు?"

"చిగుళ్ళ కోసమమ్మా. కాస్త గడ్డి కూడా తింటాం, లేదనను. ఏటేటా ఎండ ముదురుతోంది, పొదలు తెగ బలుస్తున్నాయి. మేం కొరక్కపోతే నీ గడ్డికి వెలుతురుండదు."

"అబ్బో, నా మేలు కోరి తింటున్నారా తల్లీ" అని మూతి తిప్పుకుని వచ్చేసింది. అంత నెమ్మదిగా చెప్పిందంటే ఇందులో ఏదో ఉందని దాని అనుమానం రెట్టింపయింది.

మంద వెళ్ళిపోగానే కర్రల మొదళ్ళు కొరకడం మొదలుపెట్టింది. ఒక్కటి కూడా మిగల్చకుండా పడగొట్టింది.

మరుసటి ఏడు కాపరులకి కర్రలు కనబడలేదు. మందని పక్క లోయలోకి మళ్ళించారు. "పీడ విరగడైంది" అనుకుంది బొద్దమ్మ. ఆ ఏడు గడ్డి ఒత్తుగా పెరిగింది. రెండో ఏడు పొదలు లేచాయి. "నీడ బాగుందిలే" అనుకుంది. మూడో ఏడు పొదలు మనిషెత్తు పెరిగి, కింద గడ్డి పాలిపోయింది. ఆ పొదల్లో నక్క మాటు వేసింది. ఆ ఏడు పుట్టిన ఐదుగురు పిల్లల్లో ఇద్దరిని ఎత్తుకుపోయింది.

బొద్దమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. అప్పుడు కూడా బాతునే అనుమానించింది. "ఈ పొదల విత్తనాలు నువ్వే తెచ్చావు కదూ?"

"ఎవరూ తేలేదమ్మా. కొరికేవాళ్ళు రావడం మానేశారు, అంతే" అంది బాతు.

బొద్దమ్మ పడుతూ లేస్తూ గుట్ట దాటి పక్క లోయకి వెళ్ళింది. "అక్కా, కర్రలు కొరికింది నేనే. తప్పయిపోయింది. మళ్ళీ రండి" అని బతిమాలింది.

"నీ మీద కోపం లేదమ్మా. కానీ ముదిరిన కొమ్మ మా పళ్ళకి లొంగదు, చిగురప్పుడే కొరకాలి. పైగా కాపరులు ఈ దారిలో కర్రలు పాతేశారు" అంది గంటలక్క.

బొద్దమ్మ ఇంటికొచ్చి, మిగిలిన ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని గడ్డి వెతుక్కుంటూ బయల్దేరింది. దారిలో చిన్నది అడిగింది. "అమ్మా, మన గడ్డంతా ఎవరు తినేశారు?"

"ఎవరూ తినలేదు తల్లీ" అంది బొద్దమ్మ. "నేనే ఎవర్నీ తిననివ్వలేదు."

నీతి: పోయిన నాలుగు పరకల్నే లెక్కపెట్టే అనుమానం, మనకి జరుగుతున్న మేలుని చూడనివ్వదు.