మూడోసారి అడిగినప్పుడు

కొండమీది ఆరామంలో సువ్రతుడు పొద్దున్నించీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భిక్షువై ఇంకా ఏడాది కాలేదు, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

ఈసారి కోపానికి కారణం లేకపోలేదు. ఎండలు ముదిరి ఊట సన్నబడింది. కింది కుమ్మరిపల్లెకు పారే కాలువను వానలు పడేదాకా మూసేద్దామని పెద్ద భిక్షువులు అంటున్నారు. ఆ పల్లెకు వేరే నీళ్లు లేవు. సువ్రతుడి అక్క కాపురం అక్కడే, చంటిబిడ్డతో.

"మధ్యాహ్నం సభ ఉందిగా, మాట్లాడు," అన్నాడు గురువు నందిసేనుడు. సభలో ప్రతిపాదన చదివి అందరినీ అడిగే పని ఆయనది. అడిగేవాడు తన అభిప్రాయం చెప్పకూడదు.

"నిన్నగాక మొన్న వచ్చినవాళ్లం. మా మాట ఎవరిక్కావాలి భంతే? కుర్రాళ్లం ఐదుగురం అనుకున్నాం. వస్తాం, కూర్చుంటాం, పెదవి విప్పం. అప్పుడైనా వాళ్లకు సిగ్గేస్తుంది."

"సభలో ఎలా అడుగుతారో తెలుసుగా?"

"తెలుసు," అన్నాడు సువ్రతుడు విసుగ్గా.

సభ నిండింది. నందిసేనుడు లేచాడు. "కాలువ మూయాలని ప్రతిపాదన. సమ్మతమైనవారు మౌనంగా ఉండండి. కానివారు పలకండి."

సువ్రతుడు పళ్లు బిగించాడు. మిగతా నలుగురూ తలలు వంచుకుని బిగుసుకు కూర్చున్నారు.

రెండోసారీ అదే మాట. వెనక వరసలో ఎవరో దగ్గారు. పెద్దల్లో ఎవరో ఒకరు అడ్డు చెప్పకపోతారా అని సువ్రతుడికి ఇంకా ఆశ.

మూడోసారి అడిగాక గురువు వెంటనే కూర్చోలేదు. ఆయన చూపు సువ్రతుడి మీదే ఉంది. అంతసేపు ఎప్పుడూ ఆగింది లేదు, ఒక ముసలి భిక్షువు ఏమైందోనని తలెత్తి చూశాడు కూడా. సువ్రతుడికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. పంతం కొద్దీ మింగేశాడు.

"ఎవరూ పలకలేదు. సంఘానికి సమ్మతమే," అన్నాడు నందిసేనుడు.

సభ ముగియగానే గురువు అతన్ని కాలువ మొదటికి తీసుకెళ్లాడు. కింద అక్క, బిడ్డను చంకనేసుకుని, ధార కింద కుండ పట్టింది. ఇంకా సగమే నిండింది. తమ్ముణ్ణి చూసి నవ్వింది.

గురువు తూముకు అడ్డంపెట్టే రాయిని తెచ్చి శిష్యుడి చేతుల్లో పెట్టాడు.

"మూయి."

"నేనా?" అన్నాడు సువ్రతుడు. "నేను ఒప్పుకోలేదు భంతే!"

"మూడుసార్లు ఒప్పుకున్నావు నాయనా. అడిగింది నేనే."