నిమ్మకాయ అడిగిన మాట

అనగనగా, బండికి దిష్టి తగులుతుందని భయపడే, మనిషికి దెబ్బ తగులుతుందని మాత్రం భయపడని ఊరు ఒకటుంది. ఆ ఊళ్ళో నూకరత్నం అనే పిల్ల ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. తనకు బండి కదిలించడమే వచ్చు, ఆపడం రాదు.

నెల కిందట, స్కూటరు నడపడం నేర్పే అప్పయ్యమ్మ టీచరు దగ్గర నేర్చుకోబోయి, మొదటి రోజే గోడను గుద్ది పడింది. సిగ్గుతో మళ్ళీ ఆ వైపు పోలేదు. ఇంట్లో మాత్రం "వచ్చేసింది" అని చెప్పింది.

ఇంతలో ఆమెకు పాలకేంద్రంలో కొత్త ఉద్యోగం వచ్చింది, రోజూ ఆరు ఊళ్ళు తిరగాలి. ముహూర్తం చూసి తండ్రి, మేనమామ ఆమెను బళ్ళ షాపుకు తీసుకెళ్ళారు.

"నాన్నా, ఇంకో వారం ఆగుదామా?" అంది నూకరత్నం.

"ఆగితే మూఢం వచ్చేస్తుందే!" అన్నాడు తండ్రి.

"మామయ్యా, మరి హెల్మెట్టు?"

"పక్క ఊళ్ళకి హెల్మెట్టేమిటే, యుద్ధానికెళ్తున్నావా? ఆ అద్దాలు కూడా పీకించేద్దాం, బండి అందం చెడుతోంది" అన్నాడు మామ.

"అయ్యా, బ్రేకు ఎలా వెయ్యాలో ఒక్కసారి చూపిస్తారా?" అని షాపాయనను అడిగింది.

"దారిలో అదే వస్తుందమ్మా! ముందు రంగు చెప్పండి. ఎరుపా, నలుపా?"

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఒకరు ముహూర్తం చూశారు, ఒకరు అందం చూశారు, ఒకరు రంగు చూపించారు. నా తలకాయ సంగతి ఒక్కరికీ పట్టలేదే అనుకుంది.

అంతలో గుమ్మం ముందు ఎవరిదో కొత్త బండి, పూజ చేయించుకుని, నిమ్మకాయను తొక్కుకుంటూ కదిలింది. చితికిన నిమ్మకాయ దొర్లుకుంటూ వచ్చి నూకరత్నం కాళ్ళ దగ్గర ఆగి, గయ్యిమంది.

"ఓసి పిచ్చిదానా! బండి జానెడు కదిలితేనే నా బతుకు ఇట్లా అయింది. రోడ్డు మీద నీ తల గతేమిటి? దిష్టికైతే నేను అడ్డుపడతా. లారీకి అడ్డుపడతానా? వాళ్ళ మీద మండిపడుతున్నావు సరే, రాదన్న మాట నువ్వు ఎవరికి చెప్పావే?"

నూకరత్నం తల వంచుకుంది. మరుక్షణం తలెత్తింది.

"నాన్నా, నేను అబద్ధం చెప్పాను. నాకు బండి ఆపడం రాదు."

మామ నవ్వబోయాడు. తండ్రి చేతిలోని పూలదండ కింద పెట్టాడు. మొహం పాలిపోయింది.

"మరి ముహూర్తం తల్లీ?" అన్నాడు తండ్రి.

"ఆపడం వచ్చిన రోజే నాకు ముహూర్తం. ముందు నేర్చుకుంటా, లైసెన్సు తీసుకుంటా, తలకు సరిపడే హెల్మెట్టు కొంటా. బండి ఆ తర్వాతే."

గోడను గుద్దిన నాటి సిగ్గు ఇంకా పోలేదు. అయినా సరే, అప్పయ్యమ్మ టీచరుకు ఇప్పుడే ఫోన్ చెయ్యాలని నిశ్చయించుకుని నంబరు వెతకసాగింది.

కాబట్టి పిల్లలూ, బండి కొనేముందు దాన్ని ఆపడం నేర్చుకోవాలి. రానిది రాదని చెప్పడానికి ఎన్నడూ సిగ్గుపడకూడదు.