పాకానికి ముందే ఆర్పిన పొయ్యి

చెరకు తోటలకూ, రాజుగారి బిరుదులకూ కొదవలేని ఒకానొక రాజ్యాన్ని గజకేసరి భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన సభలో అడుగు పెట్టగానే వందిమాగధులు పదహారు బిరుదులు చదివేవారు. పదహారూ పూర్తయ్యేదాకా సభికులు నిలబడే ఉండాలి. ముసలి పండితులకు మోకాళ్ళు పీకేవి, అయినా ఎవరూ కిక్కురుమనేవారు కారు. నిజం చెప్పాలంటే రాజు చెడ్డవాడు కాదు. పొగడ్త చెవిన పడితే బుద్ధి కాస్త మందగించేది, అంతే.

ఆ రాజ్యంలో ఆయన తండ్రి కాలం నుంచీ ఊరూరా ధర్మబడులు ఉండేవి. కుమ్మరి, సాలె, కాపు అని చూడకుండా పిల్లలందరికీ పదేళ్ళ చదువు. మొదటి ఎనిమిదేళ్ళలో రాత, లెక్క, నీతి పద్యాలు నేర్పేవారు. చివరి రెండేళ్ళూ పై చదువు. అందులో వైద్యం, గ్రహగణితం, భూమి కొలతలు ఉండేవి. ఖర్చంతా రాజుగారిదే. ఆ రెండేళ్ళూ పూర్తి చేసినవారికే కొలువులో ఉద్యోగం దొరికేది.

ఒకనాడు మహామంత్రి బుచ్చన సభలో లేచి మీసం సవరించుకున్నాడు.

"ప్రభూ, ఎనిమిదేళ్ళు చదివితే చదువు దాదాపు వచ్చేసినట్టే. చివరి రెండేళ్ళకే ఖర్చు ఎక్కువ, చదివేవాళ్ళు తక్కువ. ఒక్కో బడిలో పట్టుమని పదిమంది ఉండరు. వాళ్ళ కోసం ఇన్ని గ్రంథాలు, ఇంతమంది ఒజ్జలు! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. బడుల్లో పై చదువు ఆపేద్దాం. అంతగా కావలసినవారికి రాజధానిలో మన విద్యాపీఠం ఉండనే ఉంది. ఆ మిగిలిన సొమ్ముతో తమ ఏనుగులకు కొత్త అంబారీలు చేయించవచ్చు."

మంత్రిగారి ఇద్దరు కొడుకులూ ఆ విద్యాపీఠంలోనే చదువుతున్నారు. రోజూ పల్లకీలో వెళ్ళి పల్లకీలో వస్తారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, రాజు అడగలేదు. అంబారీల మాట వినగానే రాజు తల ఊపేశాడు.

మర్నాడు కోటకు ఆమడ దూరంలోని చినపాడు నుంచి వల్లభయ్య అనే ఒజ్జ పరుగున వచ్చాడు. సభలో చమత్కారిగా పేరుపడ్డ అక్కిరాజు ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

"అయ్యా, నా దగ్గర ఏడుగురు పై చదువులో ఉన్నారు. కుమ్మరివారి అమ్మాయి గంగు గ్రహణం ఏ ఘడియలో పడుతుందో నాకంటే ముందే లెక్క కట్టి చెబుతోంది. ఇంకొక్క ఏడాదిలో చదువు పూర్తి. వచ్చే పున్నమికి ఆపేయమని తాకీదు వచ్చింది. ఆ పిల్లలకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

అక్కిరాజు ఆయనకు మంచినీళ్ళు అందించాడు. తర్వాత పైకి నవ్వి, "పున్నమి దాకా పాఠం ఆపకు. ఈలోగా నేనూ మంత్రిగారి దగ్గర కాస్త పాఠం నేర్చుకుంటాను" అన్నాడు.

ఆ పూటే సభకు వెళ్ళి రాజుకు నమస్కరించాడు.

"ప్రభూ, మంత్రివర్యుల ఆలోచన విని రాత్రంతా ఆనందంతో నిద్ర పట్టలేదు. ఇంత గొప్ప ఉపాయాన్ని బడులకే పరిమితం చేయడం అన్యాయం. ఏ పనిలోనైనా చివరి భాగానికి ఖర్చు ఎక్కువైతే అక్కడే ఆపవచ్చునని రాజముద్ర వేసి ఒక ఆజ్ఞ ఇప్పించండి. అమలు సంగతి నేను చూసుకుంటాను."

మంత్రి ముఖం మతాబులా వెలిగింది. రాజు అక్కడికక్కడే ముద్ర వేసి ఇచ్చాడు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. చెరకు కోతలు మొదలైనప్పుడు కోట పక్కనే గానుగ ఆడించి తొలిబెల్లం వండుతారు. ఆ దిమ్మను చెక్క అచ్చుతోనే సభకు తెచ్చి, పట్టుగుడ్డ కప్పి ఉంచుతారు. రాజు వెండి సుత్తితో కొట్టి మొదటి ముక్కను ముఖ్య అతిథికి ఇవ్వాలి. ఆ ఏడు అతిథిగా పొరుగు రాజ్యపు రాయబారి వచ్చాడు.

ఆ వేడుక నాడు తెల్లవారగానే అక్కిరాజు గానుగ దగ్గరికి వెళ్ళాడు. వంటగాడు గౌరునాయుడు పెద్ద బెల్లపు పెనంలో చెరకు రసాన్ని తెడ్డుతో కలుపుతున్నాడు. రసం ఎర్రబడి కమ్మటి వాసన వేస్తోంది.

"మంట ఆర్పేయ్, నాయుడూ."

"ఇంకా పాకం రానేదు బాబూ. ఇప్పుడార్పేస్తే ఇది రసమూ కాదు, బెల్లమూ కాదు. అసలు పనంతా ఇక్కడే ఉన్నాది."

"చివరి ఘడియల్లో కట్టెలు ఎక్కువ కాలతాయా?"

"కాలతాయి బాబూ. కన్ను కూడా ఆర్పకూడదు."

"అందుకే ఆపమంటున్నాను. ఇదుగో రాజాజ్ఞ."

గౌరునాయుడికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. "నా తల ఎగిరిపోద్ది బాబూ" అన్నాడు నీరసంగా. "ముందు నా తల ఎగరాలి. నీది నా వెనకాల ఉంటుంది" అని అక్కిరాజు తానే నీళ్ళు చల్లి మంట ఆర్పి, ఆ రసాన్ని అలాగే అచ్చులో పోయించాడు.

మధ్యాహ్నం సభ కిటకిటలాడింది. పదహారు బిరుదులూ చదివారు. రాయబారి ఓపికగా నిలబడి విన్నాడు. రాజు ఠీవిగా పట్టుగుడ్డ తొలగించి, సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు.

టప్పుమని పగలాల్సింది. సుత్తి బుడుంగుమని మునిగింది. రాజు సుత్తిని లాగాడు, రాలేదు. రెండు చేతులతో లాగితే అచ్చు కూడా పైకి లేచింది. తీగలు సాగి ఒకటి రాజుగారి మీసానికీ, ఇంకొకటి మంత్రిగారి ఉత్తరీయానికీ అంటుకున్నాయి. రాయబారి పైకప్పు మీది బొమ్మలను చాలా శ్రద్ధగా చూడసాగాడు.

"ఎవడు వండాడిది?" రాజు గర్జించాడు.

గౌరునాయుడు స్తంభం చాటుకు జరుగుతుంటే అక్కిరాజు ముందుకొచ్చాడు.

"వండినవాడి తప్పు లేదు ప్రభూ. ఆపించింది నేను, తమ ఆజ్ఞ ప్రకారం. కట్టెలు చాలా మిగిలాయి."

"మూర్ఖుడా, బెల్లానికి చివరి పాకమే కదా ముఖ్యం" అన్నాడు మంత్రి, ఉత్తరీయం పీక్కుంటూ.

"అలాగా? దాదాపు వచ్చేసింది కదా అనుకున్నాను. ఎనిమిదేళ్ళు చదివితే చదువు వచ్చేసినట్టేనని తమరే సెలవిచ్చారు."

రాజు ముఖం ఎర్రబడింది. "రాజధానిలో విద్యాపీఠం ఉంది కదా. అక్కడ పొయ్యి ఆర్పలేదే" అన్నాడు.

"నిజమే ప్రభూ. ఊరూరా సగం కాగిన రసాన్ని కుండలకెత్తి ఇక్కడికి మోసుకురావాలి. పల్లకీ ఉన్నవాళ్ళ రసం చేరుతుంది. గంగు అనే కుమ్మరి పిల్ల, ఆమెతో చదివే ఆరుగురూ దారిలోనే పులిసిపోతారు. చినపాడు బడిలో ఆ పిల్ల గ్రహణాలు లెక్క కడుతోంది. ఏడాది ఆగితే తమ కొలువుకు గొప్ప గణకురాలు దొరుకుతుంది. పున్నమికే ఆపితే కుండలు చేసుకుంటుంది. కుండలు మంచివే ప్రభూ, కానీ ఆ పిల్ల ఆశ ఏమైపోవాలి?"

ఈసారి అక్కిరాజు గొంతులో నవ్వు లేదు. రాజు సుత్తి పిడి వదిలి వంటగాడి వైపు తిరిగాడు.

"ఇది ఇక పారబోయాల్సిందేనా నాయుడూ?" అని అడిగాడు నెమ్మదిగా.

"ఈ పూట మళ్ళీ కాస్తే బెల్లమవుద్ది మహాప్రభో. రేపటికైతే నేను చెప్పలేను."

"అయితే వెంటనే పొయ్యి వెలిగించండి."

"ఏ పొయ్యి ప్రభూ?" అన్నాడు అక్కిరాజు.

"రెండూనయ్యా" అని రాజు పకపకా నవ్వాడు. మీసానికి అంటిన తీగ ఊగింది. అది చూసి సభంతా నవ్వింది, రాయబారి అందరికంటే గట్టిగా నవ్వాడు. పై చదువు ఏ బడిలోనూ ఆగకూడదని, అంబారీల సొమ్ము గ్రంథాలకు వెళ్ళాలని రాజు అక్కడే రాయించాడు. మంత్రిని మాత్రం పాకం వచ్చేదాకా గానుగ దగ్గర కూర్చుని పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోయమన్నాడు. పాపం, ఆయన కళ్ళు రెండు రోజులు మండాయి.

సాయంత్రానికి బెల్లం దిమ్మ రాయిలా గట్టిపడింది. రాజు ముక్క చప్పరిస్తూ అక్కిరాజును పిలిచాడు.

"ఒక్క సంగతి చెప్పు. నాకు నవ్వు రాక, నీ తల తీయమని ఉంటే ఏం చేసేవాడివి?"

"భయమెందుకు ప్రభూ? తలారికి కత్తి ఎత్తడం తేలిక. శ్రమంతా దించడంలోనే ఉంది. తమ ఆజ్ఞ ప్రకారం వాడు అక్కడే ఆపేసేవాడు."

రాజు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వి నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి అక్కిరాజు మెడలో వేశాడు. ఆ వెంటనే గుమాస్తాను కేకేసి, ఆ ఆజ్ఞను మాత్రం తన కళ్ళ ముందే చింపించాడు, చిట్టచివరి ముక్క దాకా.