పక్క సీటు లేని కారు

మునిశేఖర్ కారులో ఇంక తీసెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అదే అతని బాధ.

ఆ కారు అతను సొంతంగా కట్టుకున్నది. మదనపల్లెలో డ్రిప్పు పైపుల వ్యాపారం చూసుకుంటూ, మిగతా పొద్దంతా షెడ్డులో గడిపి, ఇనుప గొట్టాలతో చట్రం కట్టాడు. పాత చిన్న కారు ఇంజనూ గేరుబాక్సూ అందులో దించి, పైన ఫైబర్ తొడుగు వేశాడు. నేలకి జానెడు ఎత్తులో, పైకప్పు లేకుండా, పండుమిరపకాయలా ఎర్రగా ఉండేది. రోడ్డు మీద పోతుంటే బడిపిల్లలు చేతులూపేవాళ్ళు.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకొందరు ఉన్నారు. ఆదివారం తెల్లవారగానే హార్సిలీ కొండ కింద టీ కొట్టు దగ్గర చేరి, చల్లారిన గ్లాసులు పట్టుకుని వాదించుకునేవాళ్ళు. ఒకరు ఇంజను పెద్దది కావాలంటారు. ఒకరు టైర్లంటారు. ఏసీ కూడా లేని కారు కారెట్లా అవుతుందని మూడో ఆయన. బరువు తగ్గించడమంటే డబ్బు పోసి మరీ ఉన్న సుఖాన్ని పోగొట్టుకోవడమని ఓ పళ్ళ డాక్టరు ఎప్పుడూ నవ్వించేవాడు.

శేఖర్ నవ్వేవాడు కాదు. అతనిది ఒకటే మాట. బరువే శత్రువు. పరుగెత్తేటప్పుడు, ఆగేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, మూడింట్లోనూ అడ్డం వచ్చేది అదొక్కటే. ఇంజను పెంచితే పరుగు ఒక్కటే పెరుగుతుంది, బరువు తగ్గిస్తే మూడూ బాగుపడతాయి.

అతనికి ఎదురు నిలిచి వాదించేది ఇంతియాజ్. ఇద్దరూ బళ్ళో ఒకే బెంచీ. ఇంతియాజ్‌ది కూడా రెండు సీట్ల చిన్న కారే గానీ, సెకండ్ హ్యాండులో కొన్న కంపెనీ కారు. మడిచే టాపుంది, పాటలున్నాయి, వెనక ఒక పెట్టె పట్టే చోటుంది. వాన వస్తే టాపు వేసుకుంటానని, ఆ బరువుని వానకి కట్టే పన్ను అనుకుంటానని అతను చెప్పేవాడు. ఏదో ఒకటి వదులుకోకుండా ఏ కారూ తయారు కాదు, ఏది వదులుకోవాలో తెలియడమే తెలివంటాడు. వదులుకోవడానికి గుండె కావాలంటాడు శేఖర్.

శేఖర్ వదులుకుంటూ పోయాడు. ముందు అద్దం తీసి చిన్న ప్లాస్టిక్ రేకు పెట్టాడు. కాళ్ళ కింద పట్టా తీశాడు. తలుపులు తీశాడు. స్టెప్నీ టైరు పోయింది, హారను పోయింది. తీసిన ప్రతిసారీ టమోటా మార్కెట్టు దగ్గర వేబ్రిడ్జి మీదికి కారు ఎక్కించి తూకం చూసుకునేవాడు. టమోటా లారీల మధ్య ఆ ఎర్ర కారు నిలబడితే కాటా మనిషికి ముల్లు కదిలిందో లేదో అనుమానం వచ్చేది.

పోయిన నెల పక్క సీటు తీసేశాడు. ఆ సీటులో రోజూ కూర్చునేది అతని భార్య వసుధ. ఆమె పాఠాలు చెప్పే స్కూలు అతని కొట్టుకి వెళ్ళే దారిలోనే ఉంది. సీటు విప్పుతున్న రోజు ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. మర్నాటి నుంచి ఆటోలో వెళ్తోంది.

ఇంత చేసినా అతనికి కుదుట లేదు. ప్రతి ఏడూ చలికాలంలో ఒక పొద్దు ఘాట్ రోడ్డు మూయించి, వీళ్ళంతా ఒక్కొక్కరుగా కొండెక్కి, ఎవరు త్వరగా చేరారో చూసుకునేవాళ్ళు. శేఖర్ లెక్క ప్రకారం కారు పోయినేటికన్నా ముందుండాలి. ప్రాక్టీసులో మాత్రం వెనకబడుతోంది. మలుపు మలుపుకీ కారు ఎగిరిపడుతోంది, వెనక చక్రాలు జారుతున్నాయి, అతను స్టీరింగుతో కుస్తీ పడుతున్నాడు. దిగేసరికి అరచేతులు కందిపోయి ఉంటున్నాయి. బరువు ఇంకా ఎక్కడో మిగిలి ఉందనుకున్నాడు. రాత్రి అన్నం మానేశాడు, తన ఒంటి బరువైనా తగ్గుతుందని. పడుకుంటే కళ్ళ ముందు బోల్టులే తిరిగేవి.

చివరికి అతని చూపు రోల్ బార్ మీద పడింది. కారు తలకిందులైతే మనిషి తల నేలకి కొట్టుకోకుండా, సీట్ల వెనక విల్లులా వంచి నిలబెట్టిన ఉక్కు గొట్టం అది. వెల్డింగు షాపు అబ్బన్నకి ఫోను చేసి, రేపే రేసు, ఇవాళ సాయంత్రం దాన్ని కోసెయ్యాలని చెప్పాడు. చెప్పాక కూడా మనసు ఒక చోట నిలవలేదు. కారేసుకుని హెప్సిబమ్మ దగ్గరికి బయలుదేరాడు.

హెప్సిబమ్మ అంగళ్ళు ఊరు దాటాక ఒక మామిడి తోటలో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు మద్రాసు వైపు, కోయంబత్తూరు వైపు రేసుల్లో అంతమంది మగవాళ్ళ మధ్య ఒక్కతే కారు నడిపి, గెలుచుకుని వచ్చిన మనిషి. ఇంజన్ల మోతకి ఎడమ చెవి వినపడదు. శేఖర్, ఇంతియాజ్ ఆమె చివరి శిష్యులు. ఆ తర్వాత ఎవరు వచ్చి అడిగినా నేర్పలేదు.

శేఖర్ వెళ్ళేసరికి ఇంతియాజ్ అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నాడు. అబ్బన్న అతనికి కూడా తెలిసినవాడే. విషయం చేరిపోయింది. హెప్సిబమ్మ ముందు పెద్ద గిన్నెలో నానబెట్టిన అనపగింజలున్నాయి. ఒక్కో గింజనీ రెండు వేళ్ళ మధ్య నొక్కి, తొక్కలోంచి పప్పుని బయటికి పితుకుతోంది. శేఖర్ కూర్చోగానే అతని ముందుకీ కొన్ని గింజలు తోసింది.

పితుకుతూనే ఇద్దరూ వాదనకి దిగారు. బరువు ఎంతుందన్నది ఒక్కటే కాదు, ఎక్కడుందన్నది చూడాలని శేఖర్ అన్నాడు. నేల దగ్గర ఉన్న బరువు ఓర్చుకోవచ్చు, తల వెనక అంత ఎత్తున ఉన్న ఉక్కు మలుపులో కారుని బయటికి లాగుతుంది. కారు ఎగిరిపడడానికి అదే కారణం. బోల్తా కొడితే ఏం చేస్తావని ఇంతియాజ్ అడిగాడు. బోల్తా కొట్టేలా నడిపేవాళ్ళకి అది కావాలిగానీ తనకెందుకన్నాడు శేఖర్.

ఇంతియాజ్ చేతిలో గింజ గిన్నెలో పడేశాడు.

"అద్దం తీసినావు, తలుపులు తీసినావు, సీటు తీసినావు. ఇంక దాంట్లో మిగిలింది నువ్వే కదరా శేఖరూ."

ఆ మాటకి శేఖర్ ముఖం ఎర్రబడింది. ఇంతియాజ్ వైపు చూడకుండా హెప్సిబమ్మ వైపు తిరిగాడు. తన లెక్క తప్పా ఒప్పా, మీరే చెప్పండమ్మా అన్నాడు. ఆమె వినపడే చెవి అతని వైపే ఉంది. విన్నది. గిన్నె పక్కకి జరిపి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"కొండ మీద నాకు కొంచెం పని ఉండాది. దించుతావా?"

ఇంతియాజ్ వెంటనే లేచి తన కారు తాళాలు తీశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. శేఖర్ కారులోనే పోతానంది.

శేఖర్ కారు వైపు చూశాడు.

"అమ్మా, దాంట్లో సీటు లేదు."

"నేల ఉంది కదా."

పట్టా కూడా లేదని, ఒట్టి రేకని, గేరుబాక్సు వేడికి కాళ్ళు కాలతాయని అతను చెప్పి చూశాడు. ఆమె లోపలికి వెళ్ళి ఒక దుప్పటి మడిచి తెచ్చుకుంది. మోకాళ్ళు పట్టుకుని, ముక్కుతూ మూలుగుతూ, తలుపు ఉండాల్సిన చోటులోంచి కిందికి దిగి, దుప్పటి మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పట్టుకోవడానికి చుట్టూ చూసింది. కారులో ఆ పక్కన పట్టుకోవడానికి వీలైనది ఒక్కటే కనిపించింది. చెయ్యి వెనక్కి చాపి రోల్ బార్ పట్టుకుంది.

శేఖర్ తన హెల్మెట్ తీసి ఆమె తలకి పెట్టాడు. పట్టీ బిగించాడు. తనకి ఇంకో హెల్మెట్ లేదు. వెనక వస్తానని ఇంతియాజ్ తన కారెక్కాడు.

ఘాట్ రోడ్డు మొదలయ్యేదాకా ఫరవాలేదు. మొదటి మలుపులో అలవాటు కొద్దీ చివరిదాకా పోయి బ్రేకు తొక్కాడు. హెప్సిబమ్మ ఒళ్ళు ముందుకు జారి, మలుపు తిరిగేసరికి భుజం రేకుకి తగిలింది. ఆ చప్పుడు చిన్నదే. అయినా ఇంజను మోతలోనూ శేఖర్‌కి వినిపించింది. క్షమించమన్నాడు. ఆమెకి ఎడమ చెవి ఎలాగూ వినపడదు, రెండో చెవి హెల్మెట్ లోపల. వినలేదు. మళ్ళీ సర్దుకుని కూర్చుని, గొట్టాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

రెండో మలుపుకి అతను ముందే కాలు తీశాడు. బ్రేకుని తొక్కలేదు, ఆనించాడు. ఓరకంటితో ఆమె మోకాళ్ళు చూస్తున్నాడు. అవి కొంచెం కదిలాయి. ఆ తర్వాతి మలుపుకి ఇంకా ముందుగా మొదలుపెట్టాడు. స్టీరింగు ఒక్కసారిగా తిప్పకుండా, మలుపు ఎంత అడిగితే అంత ఇచ్చాడు. మోకాళ్ళు కదల్లేదు.

తలకి హెల్మెట్ లేకపోవడం వల్ల అన్నీ వినిపిస్తున్నాయి. ముందు టైర్లు రోడ్డుని పట్టుకునే చప్పుడు, వదిలేసే ముందు వాటి గొంతులో వచ్చే మార్పు. ఇన్నాళ్ళూ ఈ కారు అరుస్తుందని తెలుసుగానీ, ఇంత మెల్లగా కూడా మాట్లాడుతుందని అతనికి తెలియదు. నీలగిరి చెట్ల వాసన దాటింది. దిగుతున్న బస్సొకటి మలుపులో దారంతా ఆక్రమించుకుని వచ్చింది. మామూలుగా అయితే తిట్టుకునేవాడు. ఈసారి ఆ బస్సు వస్తుందని ముందే అనిపించి పక్కకి ఒదిగాడు, అది పోగానే మళ్ళీ తన దారిలోకి వచ్చాడు. అదంతా చేతులు వాటంతట అవే చేశాయి.

కారు ఎగరడం మానేసింది. ఎప్పుడు మానేసిందో అతను గమనించలేదు. కొండ సగం దాటాక ఆమె మోకాళ్ళ వైపు చూడడం కూడా మర్చిపోయాడు. మీటర్ల వైపు అసలు చూడలేదు. రోడ్డు ఒక మలుపు చేతిలోంచి ఇంకో మలుపు చేతిలోకి వాళ్ళిద్దర్నీ అందిస్తున్నట్టుంది.

కొండ పైన గాలి బండ దగ్గర ఆపి, ఇంజను కట్టేశాడు. చెవుల్లో నిశ్శబ్దం గుయ్యిమంది. చేతులు తిప్పి చూసుకున్నాడు. అరచేతులు మామూలుగానే ఉన్నాయి.

కొంతసేపటికి ఇంతియాజ్ కారు వచ్చి ఆగింది. దిగి నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. శేఖర్ దగ్గరికి వచ్చి, ఇందాకటి మాట ఇంకా మనసులో ఉన్నట్టు కాసేపు తటపటాయించాడు.

"నువ్వు మెల్లగా పోతాండావనుకున్న్యా," అన్నాడు. "నిన్ను అందుకోవాలంటే మాత్రం నేను మెల్లగా పోలేకపోయినాను."

శేఖర్ అతని ముఖంలోకి చూశాడు. ఎగతాళి లేదు. ఇద్దరూ కలిసి హెప్సిబమ్మకి చెరో చెయ్యి ఇచ్చి పైకి లేపారు. నడుము పట్టేసింది ఆమెకి. నిలబడి, హెల్మెట్ తీసి, చెదిరిన నెరిసిన జుట్టు వెనక్కి తోసుకుంది. భుజం దగ్గర రవికె మీద రేకు మసి అంటుకుని ఉంది.

శేఖర్ జేబులో ఫోను మోగింది. అబ్బన్న. కటింగ్ మిషను సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నానని, షాపు కట్టేసే వేళవుతోంది, ఎప్పుడొస్తావని అడుగుతున్నాడు. శేఖర్ గొట్టం వైపు చూశాడు. ఆమె వేళ్ళు పట్టుకున్న చోట దుమ్ము చెరిగి మెరుస్తోంది. ఇంక కూర్చోవద్దు, నేను రాను, షాపు కట్టేసుకోమన్నాడు. ఎందుకని అబ్బన్న అడిగాడు. శేఖర్ ఫోను పెట్టేశాడు.

ఎవరింటి దగ్గర దించాలో, పనేమిటో హెప్సిబమ్మని అడిగాడు. పనైపోయిందని ఆమె చెప్పింది. బండ అంచు దాకా నెమ్మదిగా నడిచి, కింద మదనపల్లె వైపు, పొలాల మీద పరుచుకుంటున్న పొద్దు వైపు చూస్తూ నిలబడింది. శేఖర్ వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. నెలల తరబడి లోపల ఉరుకుతున్నదేదో ఇంకా పూర్తిగా ఆగలేదుగానీ, దాని అడుగులు మాత్రం దూరంగా వినిపిస్తున్నాయి.

ఆమె వెనక్కి తిరిగి ఎర్ర కారుని ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది.

"బండి ఇవాళ తేలిగ్గా ఉందే శేఖరా. ఏం తీసేసినావు?"

శేఖర్ కారు దగ్గరికి నడిచి, ఆమె మళ్ళీ కూర్చోవడానికి, పక్క సీటు ఉండాల్సిన చోట నలిగిన దుప్పటిని సరిచేశాడు.