బంగారు పళ్ళెం, చల్లారిన అన్నం

ఒకానొక రాజ్యంలో ఒక రాజు, ఆయనకో పళ్ళెం. కథ ఇంతే. పొయ్యిమీద పాలు పొంగేలోపు చెప్పేయొచ్చు. కాకపోతే ముందు రాజుగారి పేరు చెప్పాలి. శ్రీమన్మహారాజ రణరంగభీకర ఘనకీర్తి భూపాలదేవులు. చూశారా, పాలు పొంగిపోయాయి.

రణరంగం సంగతి అడక్కండి. ఆయన చూసిన యుద్ధమల్లా ఇద్దరు రాణుల మధ్య జరిగినదే, అందులోనూ ఓడింది ఆయనే. సేనాపతి కత్తి ఒరలో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అవసరమొస్తే ఒరతో సహా ఊపుతాడు. ఇక పురోహితులవారు ముహూర్తం పెట్టేముందు ఆ ఇంట్లో బూరెలు వండుతున్నారో గారెలు వండుతున్నారో కనుక్కుంటారు. మంచివాళ్ళే అందరూ. నేనెవర్నీ ఏమీ అనను.

ఆ కొలువులోనే ఓబన్న అని ఒకడుండేవాడు. రాజుగారికి కోపమొస్తే నవ్వించడం అతని ఉద్యోగం. జీతం మూడెకరాల మాగాణి. నోరు మాత్రం ముప్పై ఎకరాలు.

మాఘమాసంలో రాజుగారు పొరుగు రాజు ఇంట పెళ్ళికి వెళ్ళొచ్చారు. అక్కడ బంగారు పళ్ళెంలో వడ్డించారట. అప్పట్నుంచి మన రాజుగారికి ఇంట్లో ఏదీ నచ్చలేదు. మంచం కిర్రుమంటోంది, ఏనుగు బక్కగా ఉంది, పెద్దరాణిగారి ముక్కెర చిన్నది. పెద్దరాణిగారు తన ముక్కు జోలికి రావద్దని గట్టిగా చెప్పాక, రాజుగారు ఉన్న బంగారమంతా కరిగించి ఒక పళ్ళెం చేయించుకున్నారు.

పళ్ళెం వచ్చింది, దాంతోపాటు భయమూ వచ్చింది. ఎవరైనా అంచు గీరేస్తే? అందుకని ఒక కట్టుబాటు పెట్టారు. అన్నం వండి తెచ్చాక నలుగురు భటులు పళ్ళెం తెస్తారు. కంసాలి మాచయ్య దాన్ని గురిగింజ ఎత్తు తేడా రాకుండా తూస్తాడు. అప్పుడు వడ్డన. తిన్నాక కడిగి మళ్ళీ తూస్తారు. తూకం సరిపోయేదాకా తిన్నవాళ్ళు పీట మీంచి లేవకూడదు. మాచయ్యకు ఒక కన్ను మసక, రెండో కంటికి అనుమానం. రాజుగారు వేడన్నం తిని మూడు నెలలైంది.

ఇంతవరకూ ఓబన్నకు నవ్వే. ఒకరోజు కొలువులో రాజుగారు, "వచ్చే నెల పొరుగు రాజు మనింటికి విందుకొస్తున్నాడు. పంక్తిలో అరవైమంది కూర్చుంటారు. అరవై బంగారు పళ్ళేలు చేయిస్తాను. వాడి కళ్ళు తిరగాలి!" అన్నారు.

"బంగారం ఎక్కడిది ప్రభూ?" అన్నాడు ఓబన్న.

"గాదెల్లో వడ్లున్నాయిగా. అమ్మేస్తాం."

ఓబన్న నవ్వు ఆగిపోయింది. ఎలుకలకీ వరదకీ భయపడి ఊళ్ళవాళ్ళంతా విత్తనపు వడ్లు కోట గాదెల్లో దాచుకోవడం అక్కడి ఆనవాయితీ. ఏరువాక ఇంకా పదిహేను రోజులుంది. అవి పోతే ఆ యేడు ఎవరి మడిలోనూ నారు ఉండదు. ఓబన్న మడిలో కూడా.

"అవి విత్తనాలు ప్రభూ! అమ్మితే నారు పోసేదేమిటి?"

"వడ్లు వడ్లే కదోయ్. మళ్ళీ పండించుకోమను."

"దేంతో పండించమంటారు?"

"అన్నీ నేనే చెప్పాలా? పండించడం రైతుల పని."

ఓబన్న తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాడు. మంత్రిగారు అప్పటికే ఆ గోడకి ఆనుకుని నిద్రపోతున్నారు. మర్నాడు మళ్ళీ చెప్పి చూశాడు. ఆ మర్నాడూ చెప్పాడు. రాజుగారు పళ్ళెం అంచుమీద హంసలుండాలా నెమళ్ళుండాలా అని అడిగారు. ద్వాదశినాడు వర్తకుల బళ్ళు వస్తాయని కబురు తెలిసింది.

అప్పుడు ఓబన్న దారి మార్చాడు.

"నెమళ్ళే బాగుంటాయి ప్రభూ. నా భయం వేరే. విందునాడు అరవై పళ్ళేలు తూసేటప్పుడు మాచయ్య తడబడితే, పొరుగు రాజు ముందు మన పరువేం కావాలి? ఒకసారి చేసి చూసుకుంటే మంచిది. వంటశాలలో ఇత్తడి పళ్ళేలు అరవై ఉన్నాయి. వాటినే బంగారమనుకుందాం."

"భేష్! ఎప్పుడు?"

"ద్వాదశి పొద్దున్న."

రాజుగారు సరేనన్నారు. ఏకాదశినాడు మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ఆయన. ద్వాదశి పొద్దున్నే తింటే తప్ప కళ్ళు కనపడవు. ఆ సంగతి ఆయనకి ఏకాదశి సాయంత్రంగానీ గుర్తురాలేదు.

తెల్లారింది. అరవైమంది పీటలమీద కూర్చున్నారు. కోట గుమ్మం దగ్గర వర్తకుల బళ్ళు నిలబడ్డాయి. ముద్దపప్పు, అవిసాకు కూర, అప్పుడే కాచిన నెయ్యి పొగలు కక్కుతూ వచ్చాయి. మాచయ్య మొదటి పళ్ళెం త్రాసులో పెట్టాడు. అందరి పళ్ళేలూ తూస్తేగానీ వడ్డన లేదు. పంక్తిలో ఒకరికి ముందు ఒకరికి వెనక వడ్డిస్తారా?

నాలుగో పళ్ళెం దగ్గర రాజుగారు ఆవులించారు. తొమ్మిదో పళ్ళెం దగ్గర మాచయ్య గురిగింజ కిందపడి దొర్లిపోయింది. సేనాపతి పాకుతూ వెతికాడు. అతను సేనాపతి అయ్యాక చేసిన మొదటి దండయాత్ర అదే. పదిహేడో పళ్ళెం దగ్గర పురోహితులవారు కళ్ళు తేలేశారు.

అప్పుడు పక్క వసారాలోంచి ఘుమఘుమ వచ్చింది. రాజుగారు తల తిప్పి చూస్తే, ఓబన్న విస్తరి ముందు కూర్చుని, పప్పన్నంలో నెయ్యి కలిపి ఊదుకుంటూ తింటున్నాడు.

"ఒరే ఓబన్నా! రాజు ఆకలితో కూర్చుంటే నువ్వు తింటావా? తల తీయిస్తాను!"

"తీయించండి ప్రభూ. ముందు కత్తి ఒరలోంచి రావాలి. అయినా ప్రభువులకు ఆకలేమిటి? పళ్ళెమొచ్చింది కదా. నాకది లేదు, అందుకని అన్నం తింటున్నాను."

"ఇంకా ఎన్ని పళ్ళేలున్నాయిరా?"

"నలభైమూడు. ఇది తినకముందు తూకం. తిన్నాక ఇంకో అరవై. పళ్ళేలు దర్జాగా కూర్చున్నాయి, మీరంతా వాటికి కాపలా కాస్తున్నారు."

రాజుగారు ఓబన్న విస్తరికేసి చూశారు. "మరి పొరుగు రాజు ఎలా తింటున్నాడు?"

"ఆ పెళ్ళిలో అన్నం వేడిగా ఉందా ప్రభూ?"

రాజుగారు ఆలోచించారు. చాలాసేపు ఆలోచించారు.

"చల్లగానే ఉంది. ఒరే, వాడు బాగా చిక్కిపోయాడు కూడానురా."

అని, ఒక్కసారిగా పగలబడి నవ్వారు. వచ్చి ఓబన్న పక్కన కింద కూలబడి, "నాకూ ఓ విస్తరి వెయ్యండి!" అని కేకపెట్టారు. మూడుసార్లు మారు వడ్డించుకున్నారు. విస్తరి మడిచి పారేసి వెనక్కి తిరిగి చూశారు. దాని వెంట ఒక్క భటుడూ పరిగెత్తలేదు. అది చూసి ఇంకా నవ్వారు.

వర్తకుల బళ్ళు ఖాళీగా వెనక్కి వెళ్ళాయి.

రాజుగారు ఓబన్నను మెచ్చుకుని, ఆ బంగారు పళ్ళెం అతనికే బహుమానంగా ఇచ్చేశారు. వద్దనడానికి ఓబన్న నోరు తెరిచాడంటారు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ఇంటికి తెస్తే భార్య గురవమ్మ చూసి, "దీన్నేం చేసుకుంటామయ్యా? అమ్మి ఎడ్ల జత కొను," అంది.

"రాజుగారిచ్చింది అమ్ముతామా? ముందు తడిక మూసి రా."

"తడికా? కుక్క తోస్తే పడిపోతుంది."

"అదే నేనూ అంటున్నాను. మనకో తలుపుండాలి."

"రాజుగారికి అన్ని మాటలు చెప్పావు. ఒక్కటీ నీకు పనికిరాదా?"

"అవి ప్రభువుల కోసం చెప్పినవి," అన్నాడు ఓబన్న, పళ్ళేన్ని పంచెతో తుడుస్తూ.

ఏరువాక వచ్చింది. రాజ్యంలో అందరూ నారు పోసుకున్నారు, ఓబన్న తప్ప. అతను విత్తనపు వడ్లు అమ్మి టేకు తలుపు చేయించాడు.

తలుపు బాగుంది.