బల్లాట నూకరత్నం

ఊఁ కొడతారా, చెప్తాను. కొట్టకపోతే ముసుగుతన్ని పడుకుంటాను, నాకేం?

మీ తాతలకి తాతలు ఇంకా లాగూల్లేకుండా తిరిగే కాలంలో, రేవు పక్క ఊళ్ళో నూకరత్నం అని ఒక వడ్రంగి కూతురుండేది. ఓడ దొరలు ఆమె తండ్రి చేత పచ్చరంగు బల్ల చేయించుకుని, మధ్యలో వల కట్టి, చిన్న తెల్ల బంతితో ఆడేవారు. ఓడెక్కి పోతూ పోతూ బల్లనీ బంతులనీ అతనికే వదిలేశారు. తండ్రి పోయాక రత్నానికి మిగిలిన ఆస్తల్లా ఆ బల్లే.

ఏం చేసింది? బల్లని బండికెక్కించి తీర్థాలకి, అదే జాతర్లకి, బయల్దేరింది.

"నాతో ఆడండి బాబూ! మీరు ఓడితే సోలెడు బియ్యం నాకు. గెలిస్తే ఈ బల్లే మీకు!"

ఆటంటే పనయ్యాక ఆడుకునేది. ఆటే పనిగా బతికిన మనిషిని మా వైపు అప్పటిదాకా ఎవరూ చూళ్ళేదు. "ఆడి బతుకుతాదంట, ఆడి!" అని బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకున్నవాళ్ళే ఎగబడి ఆడారు. పహిల్వాను వచ్చాడు. టకటక, టకటక, ఓడాడు. కరణంగారి అల్లుడు వచ్చాడు. టకటక, టకటక, ఓడి, అలిగి, అన్నం మానేశాడు. ఉప్పుమళ్ళలో పనిచేసే కొండమ్మ వచ్చింది. టకటక, టకటక, ఆమె కూడా ఓడింది.

కొండమ్మ మాత్రం అలగలేదు. "మళ్ళేడు వస్తానప్పా" అంది, సొంత అక్కతో అన్నట్టు. రత్నానికి ముచ్చటేసి ఒక పాత బంతి ఇచ్చి పంపింది.

మరుసటేడు వచ్చింది, ఓడింది. రోజూ ఉప్పుకొట్టు గోడకేసి బంతి కొట్టీ కొట్టీ, చెయ్యి తిరిగిపోయి, మూడో ఏడు వచ్చింది. ఇద్దరూ సరిసమానంగా ఆడారు. ఆఖరి బంతి మిగిలింది. కొండమ్మ లాగి కొట్టింది. బంతి రత్నం వైపు బల్ల దాటి కింద పడింది. బల్లకి తగలకుండా పడితే కొట్టినవాళ్ళు ఓడినట్టు.

"కొండమ్మ ఓడిపోనాది!" అని జనం కేకలేశారు. కొండమ్మ కూడా బియ్యం మూట విప్పబోయింది.

రత్నం చెయ్యెత్తింది.

"ఆగండర్రా. అంచుకి తగిలింది."

"ఎవులు సూసినారే?"

"నాను సూసినాను."

"నువ్వు తప్ప ఎవులూ సూడనేదు కదే పిచ్చిదానా! బల్ల పోతే నీకు కూడెలాగొస్తాది?"

"ఏమో. తగిలింది, అంతే."

తండ్రి చేతి బల్ల అది. అయినా తనే ఒక పక్క పట్టి బండికెక్కించి కొండమ్మకి అప్పగించింది. బండి కనుమరుగయ్యాక, బల్ల ఉన్న జాగాలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

కొండమ్మ బల్లని ఇంటి ముందు వేసుకుంది. సరదాగా కొట్టింది. బంతి అవతల పడి దొర్లిపోయింది. వెళ్ళి తెచ్చుకుంది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తెచ్చుకుంది. మూడోసారి బంతి కోసం వెళ్ళినది, అటునుంచి అటే రత్నం ఊరికి నడిచింది.

"అప్పా, బల్లయితే గెల్సుకున్నాను గానీ అవతల ఎవులూ నేరే!"

"అయితే నన్నేటి సెయ్యమంతావు?"

"వచ్చి నిలబడు. బల్ల నాది, ఆట మనిద్దరిదీ. వచ్చిన బియ్యం సెరిసగం."

రత్నం కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ పైన ఇద్దరూ కలిసే తీర్థాలు తిరిగారు. బల్ల పందెం కట్టడం మానేశారు. వాళ్ళ ఆట చూడ్డానికే జనం బియ్యం పోశారు. ఎంత ముద్దొచ్చే ఆటో, చూసినవాళ్ళదే భాగ్యం! అలా పండు ముసలిదయ్యేదాకా ఆడి, రత్నం పోయింది.

ఇప్పటికీ ఆ వైపు తీర్థాల్లో బల్లాట ఆడతారు. తీర్పు చెప్పడానికి మాత్రం ఎవర్నీ కూర్చోబెట్టరు. "మరి అంచుకి తగిలిందో లేదో ఎవరు చెప్తారు?" అని పైఊరివాళ్ళు అడిగితే, "ఓడిపోయేవోళ్ళే సెప్తారు బాబూ" అంటారు. చెయ్యెత్తి, "రత్నమ్మ మీద ఒట్టు, తగిలింది" అని చెప్తారు కూడా.