ముగ్గు తొక్కిన మహారాజు

ఒకానొక రాజ్యంలో ఒక రాజుగారుండేవారని, ఆయనకు ఏ లోటూ లేదని కథలు మొదలవుతాయి. చిలకలకోట మహారాజు రణరంగభూపాలుడికీ ఏ లోటూ లేదు. ఒక బావమరిది ఉన్నాడు, అంతే.

ఆ బావమరిది ఉదయభానుడు, పక్కనున్న పొన్నగిరికి రాజు. మనిషి మంచివాడే. పండక్కి బట్టలు పంపుతాడు, వేసవికి మామిడిపళ్ళు పంపుతాడు. కానీ కిందటేడు తన పట్నం నడిబొడ్డున ఉన్న పాత పేటను పడగొట్టించి, కోటగుమ్మం నుంచి కొండ దాకా బాణం వదిలినట్టు ఒక వీధి వేయించాడు. అది చూడ్డానికి అక్కనూ బావనూ పిలిచి, ఏనుగెక్కించి మరీ ఊరేగించాడు.

అక్కణ్ణుంచి వచ్చాక రాజుకు అన్నం సయించలేదు. సయించినా రాణి రత్నాంగి తిననిస్తేగా!

"మా ఊళ్ళో వీధి చూశారా? ఆ చివర చీమ నడిస్తే ఈ చివరికి కనబడుతుంది."

"చూశాను."

"మా ఊళ్ళో అంగళ్ళన్నిటికీ పట్టుతెరలు. మీ ఊళ్ళో గోనెపట్టాలు."

"చూశాను దేవీ, చూశాను."

కాపురానికొచ్చి ఇన్నేళ్ళైనా రాణికి "మా ఊరు" అంటే పొన్నగిరే. చిలకలకోట ఎప్పటికీ "మీ ఊరు". ఆ మాట విన్నప్పుడల్లా రాజు కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టుండేది. బావమరిది మీసం తన మీసం కన్నా గుబురు. పోనీ, అది దేవుడిచ్చింది, క్షమించొచ్చు. వీధి మాత్రం వాడు కావాలని వేయించుకున్నది.

ఇంతలో పొన్నగిరి నుంచి కబురొచ్చింది. రాజుగారి కూతురికి చెవులు కుట్టించాలి గదా. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోనిదే ఆ వేడుక జరగదు. వైశాఖంలో వస్తున్నానన్నాడు ఉదయభానుడు.

రాజుకు కొత్తపేట గుర్తొచ్చింది. పొన్నగిరి నుంచి వచ్చేవాడు కోటలోకి రావాలంటే కొత్తపేట దాటుకునే రావాలి. పేరుకే కొత్తపేట. కోటగోడ బయట ఒక కంచరి కొలిమి పెట్టుకుంటే, పక్కన నేతగాడు మగ్గం వేశాడు, వాడి పక్కన అత్తరువాడు చేరాడు. అలా పెరిగి పెరిగి ఇప్పుడు బండికి బండి ఎదురైతే ఎడ్లు విప్పి బండిని వెనక్కి తోసుకోవాలి. వానొస్తే వీధేదో కాలవేదో తెలియదు.

రాజు కట్టడాలు చూసే స్థపతిని పిలిపించాడు. ఆస్థాన స్థపతి సూరసాని. తండ్రి నుంచి కొలతల సూత్రపు దారమూ, నేలలో పాతే శంకువూ అందుకుంది గానీ, ఆ నోరు ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

"సూరసానీ, కొత్తపేటను..."

"బాగుచెయ్యాలి ప్రభూ. పటం గీసి కొంగున కట్టుకుని తిరుగుతున్నాను, ఎప్పుడడుగుతారా అని." గుడ్డ మీద గీసిన పటం పరిచింది. "ఇక్కడ అరుగులు కాస్త తగ్గిస్తే బండ్లు తప్పుకుంటాయి. ఇక్కడ మూత వేసిన మురుగుకాలవ, వాగు వైపు వాలుగా. పేట చివర బండ్లు నిలుపుకునే బయలు. నడుమ నలుగురు చేరడానికి ఓ చావడి."

రాజు మూతి ముడిచాడు. "ఇక్కడో ముక్క, అక్కడో ముక్క! వీధి వెయ్యమంటే బొంత కుడతావేమిటి? మొత్తం పడగొట్టు. కోటగుమ్మం నుంచి వాగు దాకా నిలువుగా ఒకటే వీధి. పొన్నగిరి వీధికంటే మూరెడైనా వెడల్పుండాలి."

"ప్రభూ, పెరిగే పిల్లకు రవిక బిగుతైతే కుట్లు విప్పి వదులు చేస్తాం. రవిక బాగుంది గదా అని పిల్లను చెక్కుతామా?"

"నాకు సామెతలొద్దు!"

"అది సామెత కాదు ప్రభూ, ఇప్పుడే అన్నాను."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు చెవులు ఎర్రబడ్డాయి.

"మరి పేటలో ఉన్నవాళ్ళు?" అంది సూరసాని.

"ఎక్కడికైనా పోనీ."

"ఎక్కడికైనానా?"

"ఎక్కడికైనా!"

సూరసాని పటం మడిచి కొంగున ముడేసుకుంది. "చిత్తం. రేపే ముగ్గు పోయిస్తాను. ఆచారం మాత్రం తమరు పాటించాలి."

కట్టబోయే కట్టడానికి నేల మీద ముగ్గుతో గీతలు పోస్తారు గదా. చిలకలకోటలో ఆ ముగ్గును కట్టించేవాడు, భార్య చెయ్యి పట్టుకుని, ఉత్త కాళ్ళతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తొక్కాలి. గీత దిగకూడదు. ఆ ముగ్గును చెరపాలన్నా కట్టించేవాడి పాదమే చెరపాలి. ఇంకెవరి పాదం తగిలినా అరిష్టమని నమ్మకం.

మర్నాడు రాజు కిరీటం పెట్టుకుని, రాణి చెయ్యి పట్టుకుని బయలుదేరాడు. గీత ఆయన కోరినట్టే నిలువుగా ఉంది. నిలువుగా ఉంది గనకే అరుగెక్కింది, గుమ్మం దాటింది, వంటింట్లోంచి పోయి దొడ్డిగుమ్మంలో తేలి, పక్కింటి మగ్గం కిందకు దూరింది. గీత దిగకూడదాయె. మహారాజు మగ్గం కింద పాకాడు. గుమ్మం గుమ్మానికీ కిరీటం ఠంగుమంది.

జనం ఏడుస్తారనుకుని రాజు ముందే కటువైన మొహం సిద్ధం చేసుకుని వచ్చాడు. అది వాడుకునే అవసరమే రాలేదు. ఇంటింటా సామాన్లు కట్టుకుంటున్నారు. పైగా కూనిరాగాలు!

కంచరి అచ్చక్క ఇంట్లో గీత సరిగ్గా పొయ్యి పక్కనుంచి పోయింది. అచ్చక్క ఇత్తడి దీపాలకు గడ్డి చుడుతోంది.

"రండి బాబూ, నిప్పులున్నాయి, కాలు జాగ్రత్త. తల్లీ, మీరు ఇటు. మా పొయ్యి మీ వీధికి నట్టనడుమకు వచ్చిందంట, ఎంత అదృష్టమో!"

రాజు ఉండబట్టలేకపోయాడు. "ఇల్లు పోతోంది గదా, ఏడవవేం?"

"ఏడుపెందుకు బాబూ? పొన్నగిరి పోతున్నాం గదా. అక్కడి కొత్త వీధిలో పట్టుతెరల అంగట్లో కూచుంటానంటే మా ఆయనకు నిద్రే పట్టట్లేదు."

"పొన్నగిరా?"

"మా తమ్ముడు పిలిచాడా?" రాణి మొహం వెలిగిపోయింది. "చూశారా, ఎంత మంచి మనసో!"

రాజు గిర్రున తిరిగాడు. గీత మీదే తిరిగాడు. "సూరసానీ! ఏమిటిది?"

"ఎక్కడికైనా పొమ్మన్నారు గదా ప్రభూ. వీళ్ళకు చోటు కావాలి, ఆ వీధికి మనుషులు కావాలి. నిరుడు తమతో పొన్నగిరి వచ్చాను గదా. తమరు ఏనుగు మీంచి పట్టుతెరలు చూశారు. నేను నడిచొచ్చాను గనక ఒక తెర ఎత్తి చూశాను."

"ఎవరున్నారు?"

"పావురాలు. రెండో తెర ఎత్తాను, అక్కడా పావురాలే. పాత పేటవాళ్ళను కొండవెనక్కి తరిమారు. దీపం బుడ్డి అమ్ముకోవడానికి అంత దూరం నుంచి ఎవరొస్తారు? వీధి ఉంది, ఊరు లేదు. అందుకే మన కంచర్లు, మన నేతగాళ్ళు, మన అత్తర్లవాళ్ళు అంటే ఆయన పిలవకుండా ఉంటారా?"

రాజు కళ్ళముందు వచ్చే ఏడాది ఊరేగింపు కదిలింది. పొన్నగిరి వీధి. తెర తెరకూ తన మనుషులు. తన దీపాలు, తన చీరలు. ఏనుగు మీద బావమరిది ఆ గుబురు మీసం దువ్వుకుంటున్నాడు. పక్కన రాణి, "చూశారా, మా ఊళ్ళో కంచర్లు!" అంటోంది.

తన ఊళ్ళో గోనెపట్టా వెనకున్న మనుషుల్ని రాజు ఎన్నడూ లెక్క చెయ్యలేదు. కానీ వాళ్ళు బావమరిది తెర వెనక కూచుంటారంటే మాత్రం ప్రాణం పోయినట్టుంది.

"నా మనుషులు!" అని అరిచాడు. అరుస్తూనే పాదంతో ముగ్గును రాశాడు. పొయ్యి పక్క చెరిపాడు, గుమ్మంలో చెరిపాడు, వెనక్కి మగ్గం కింద పాకుతూ చెరిపాడు. "ఒక్కరు కదిలినా ఊరుకోను! ఒక్క దీపం బుడ్డి కూడా వాగు దాటకూడదు!"

"అయితే గడ్డి విప్పెయ్యనా బాబూ?" అని వెనకనుంచి అడిగింది అచ్చక్క.

"విప్పు!" రాజు మోకాళ్ళ దాకా సున్నంతో లేచి నిలబడ్డాడు. ఒగర్చుకుంటూ సూరసాని కొంగు వైపు చూశాడు. "ఏదీ, ఆ బొంత ఇటు తియ్యి."

పని మొదలైంది. సూరసాని హుకుములు పంపలేదు. ఏ అరుగు తగ్గించాలో ఆ అరుగు మీదే కూర్చుని ఇంటివాళ్ళతో బేరమాడేది. "నీ అరుగు కాస్త తగ్గితే బండి నీ గుమ్మం దాకా వస్తుంది" అంటే ఒప్పుకోనివాడు లేడు. ఒకడు మాత్రం అరుగు మీద తాతగారు పోయారని మొరాయించాడు. ఆ అరుగును అలాగే ఉంచి వీధినే కాస్త వంచింది. రాజు రోజూ వచ్చి ఒకటే అడిగేవాడు.

"మూత వేసిన కాలవ పొన్నగిరిలో ఉందా?"

"లేదు ప్రభూ."

"చావడి?"

"లేదు ప్రభూ."

"అయితే దాని పక్కన రెండు రాతిబల్లలు కూడా వెయ్యి."

వైశాఖం వచ్చింది, ఉదయభానుడూ వచ్చాడు. మిట్టమధ్యాహ్నం కొత్తపేటలో ఏనుగు దిగి నడిచాడు. వంపు వంపుకూ ఇంటి చూరు నీడ పట్టింది. కొలిమి దగ్గర ఆగాడు, మగ్గం దగ్గర ఆగాడు, రాతిబల్ల మీద కూర్చున్నాడు. కోటకు చేరేసరికి పొద్దు వాలింది. రాజు ఆ మొహం చూశాడు. ఆ చూపు ఎరిగిందే. ఏడాది పాటు తన అద్దంలో చూసుకున్నదే.

వేడుకలో మేనకోడలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా ఉదయభానుడి మనసు అక్కడ లేదు. పిల్ల కెవ్వుమని, బెల్లం ముక్క నోట్లో పడి ఊరుకున్నాక మెల్లగా అడిగాడు. "బావగారూ, మీ స్థపతిని ఒక్క ఏడాది అరువివ్వకూడదూ?"

"నా పేటవాళ్ళను పిలిచింది చాలక నా స్థపతి కూడానా?"

"నేనా? నేనెవర్నీ పిలవలేదే! పిలిస్తే మాత్రం వస్తారా? కొండవెనక్కి పంపిన మా కంచర్లనే తిరిగి రమ్మంటే రావట్లేదు."

దీపం పట్టుకుని నిలబడ్డ అచ్చక్క నవ్వు దాచుకోవడానికి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజు మెల్లగా సూరసాని వైపు తిరిగాడు.

"నాతో బొంకావా?"

సూరసాని చేతులు కట్టుకుంది. "అదీ ముగ్గే ప్రభూ. చెరిగిపోవడానికే పోశాను. ఇల్లు నిలబడ్డాక ముగ్గేదని ఎవరడుగుతారు?"

రాజు మీసం అదిరింది. ఆయనకు మగ్గం కింద పాకుతున్న తన కిరీటం గుర్తొచ్చింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆపైన నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ బావమరిదిని అడిగాడు. "నీ స్థపతికి ఏమిచ్చావయ్యా?"

"శాలువా కప్పాను."

"అయితే మా సూరసానికి రెండు శాలువాలు! ఈ ముత్యాలహారం కూడా!" అని మెళ్ళో హారం తీసి ఇచ్చాడు. "ఇకమీదట పేటలో అరుగుల మీద కూర్చుని అడగందే ఈ ఊళ్ళో ఎవరూ ముగ్గు పోయరాదు. నేనైనా సరే."

"నన్ను అరువిచ్చే సంగతి, ప్రభూ?"

"ఇవ్వను. చూసి ఏడవనీ."

భోజనాల దగ్గర ఉదయభానుడు ఎండకు కమిలిన మెడ తుడుచుకుంటున్నాడు. రాణి తమ్ముడి విస్తట్లో నెయ్యి వేస్తూ, "అంత వెడల్పు వీధి ఎందుకురా, నెత్తి మాడడానికా? మా ఊళ్ళో చూడు, నడివేసవిలోనూ గొడుగు అక్కర్లేదు," అంది.

రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ పూట ఆయన మారు వడ్డించుకున్నాడు.